చిన్నవాడి మాత్రలు పెద్దవాడి చేతికి ఎలా వెళ్లాయి?

ప్రశ్న: మాది పరకాల. మాకు ఇద్దరు కొడుకులు. చిన్నవాడికి మొన్న మే నెలలో ఎనిమిదేళ్లు నిండాయి, నాలుగో తరగతి చదువుతున్నాడు. కుదురుగా కూర్చోడనీ, బోర్డు మీద రాసింది సగంలో వదిలేస్తాడనీ, పక్క పిల్లలను కదిలిస్తాడనీ బడి నుంచి రోజూ ఫిర్యాదులే. చివరికి వాళ్లే ఒక ప్రశ్నల కాగితం నింపి, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకు ఉండే సమస్య) ఉన్నట్టుంది, మందులు వాడితేనే బడికి పంపండి అన్నారు. హన్మకొండలో ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆ కాగితం చూసి, బాబును రెండు మాటలు అడిగి, పది నిమిషాల్లో మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాశారు. వేసిన రోజు కుదురుగానే ఉంటున్నాడు కానీ అన్నం సరిగా తినడం లేదు. 'పిచ్చి గోలీలు మింగిస్తున్నరని ఊరికి తెలిస్తే రేపు వానికి పిల్లనెవరిస్తరు' అని మా అత్తమ్మ అనడంతో వాటిని బియ్యం డబ్బా వెనుక దాచి, ఎవరూ చూడకుండా వేస్తున్నాను. దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన పెద్దవాడు తిరిగి వెళ్లాక చూస్తే ఒక స్ట్రిప్ మొత్తం లేదు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. గట్టిగా అడిగితే, రాత్రుళ్లు చదవడానికి తనే తీసుకున్నాననీ, గదిలోని ఇద్దరు స్నేహితులకు కూడా ఇచ్చాననీ ఒప్పుకున్నాడు. అవి వేసుకుంటే మొదటిసారి మనసు పెట్టి చదవగలిగానంటున్నాడు. మా వారు కోపంతో మిగిలినవన్నీ మోరీలో పారేస్తానంటున్నారు. చిన్నవాడికి నిజంగా ఆ జబ్బు ఉందా? మందు ఆపేయాలా? పెద్దవాడిని ఏం చేయాలి? ఇంకొకటి, చెప్పాలో లేదో తెలియదు, చిన్నవాడు నిద్రలో నోరు తెరిచి గురక పెడతాడు. చలికాలంలో మరీ ఎక్కువ.
— ఒక తల్లి, పరకాల

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం చిన్నబాబు గురించే ఉన్నా, నేను ముందుగా పెద్దబాబు సంగతి చెబుతాను. ఆలస్యం చేయకూడని పని అక్కడ ఉంది. మిథైల్‌ఫెనిడేట్ మెదడును ఉత్తేజపరిచే మందు. బరువు, రక్తపోటు, గుండె వేగం చూసి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కొన్ని వారాల పాటు గమనిస్తూ డాక్టరు సరిచేసుకోవలసిన ఈ మందును ఇంటర్ చదివే కుర్రవాడు తనకు తోచినన్ని, అదీ రాత్రిపూట మింగితే గుండె దడ, రక్తపోటు, నిద్రలేమి, ఆందోళన కలుగుతాయి. మోతాదు మించితే లేనిపోని అనుమానాలు, భ్రమలు కూడా రావచ్చు. ఈ తరగతి మందుల దుర్వినియోగం, వ్యసనం గురించిన హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో మరింత కట్టుదిట్టం చేసింది. వైద్య అవసరం లేకుండా వీటిని వాడేవారికి అవి ఎక్కువగా ఇంటివాళ్ల నుంచో, స్నేహితుల నుంచో అందుతున్నాయని కూడా అప్పుడే చెప్పింది. అంటే మీ ఇంట్లో జరిగింది మీ ఇంటికే పట్టిన విపత్తు కాదు. ఈ మందు దారి తప్పే తోవల్లో అన్నిటికంటే మామూలు తోవ అదే.

కాబట్టి మీరు గానీ, వాళ్ల నాన్నగారు గానీ ఈ ఆదివారమే హాస్టల్‌కు వెళ్లి, బాబును బయటికి తీసుకొచ్చి, అన్నం పెట్టి, నెమ్మదిగా అడగండి. ఎన్ని మాత్రలు వేసుకున్నాడు, ఎన్నాళ్లుగా, ఇంకా ఎన్ని మిగిలాయి, వాటితోపాటు మరేదైనా మాత్ర గానీ మత్తు పదార్థం గానీ వాడాడా, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు అన్నవి తెలియాలి. తిడితే ఇవేవీ చెప్పడు. మిగిలిన మాత్రలు తీసేసుకోండి. ఆ ఇద్దరు స్నేహితుల తల్లిదండ్రులకు కూడా ఈ విషయం మీరే చెప్పాలి. అది కష్టమైన ఫోనే, కానీ ఆ పిల్లల్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందో లేదో మనకు తెలియదు. ఛాతీలో నొప్పి, ఆగని దడ, స్పృహ తప్పడం, ఎవరో తనను వెంటాడుతున్నారనే మాటలు, బతకాలని లేదనే మాట, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. వరుసగా కొన్ని రోజులు వాడి ఉంటే, మానేశాక నాలుగైదు రోజులు నీరసంగా, దిగులుగా, అతినిద్రతో ఉండవచ్చు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లవాడికి ఆ దిగులు తేలికైనది కాదు కనుక, వీలైతే ఆ రోజులు ఇంట్లోనే ఉంచుకోండి. ఏ వేళనైనా మాట్లాడవలసి వస్తే 14416 నంబరుకు చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ మాత్ర తన తెలివిని పెంచుతుందని బాబు నమ్ముతున్నాడు. ఈ నమ్మకాన్ని కోపంతో కాకుండా విషయం చెప్పి తొలగించాలి. మెల్బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడీహెచ్‌డీ లేని 40 మందికి మిథైల్‌ఫెనిడేట్‌తో సహా మూడు రకాల ఉత్తేజక మందులను వేర్వేరు రోజుల్లో ఇచ్చి, ఒక సంచిలో పట్టేంత బరువులో ఏయే వస్తువులు వేస్తే ఎక్కువ విలువ వస్తుందో తేల్చమనే లెక్కలు చేయించారు. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మందు వేసుకున్నప్పుడు వాళ్లు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తులు వేస్తూ శ్రమపడ్డారు, కానీ వాళ్లు ఎంచుకున్న దారులు మామూలు రోజు కంటే నాసిరకంగా ఉన్నాయి. ఈఏపీసెట్‌కో, జేఈఈకో కూర్చునే పిల్లవాడికి ఇంతకంటే సూటిగా వర్తించే ప్రయోగం నాకు తెలియదు. చదువుతున్నానన్న ఊపు పెరుగుతుంది, లెక్క చేసే పద్ధతి చెడుతుంది. పైగా పగలు చదివింది మెదడులో నిలబడేది నిద్రలోనే, ఆ నిద్రనే ఈ మాత్ర తినేస్తుంది. మరొక మాట కూడా దాచకుండా చెప్పండి. ఈ మందు మన దేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికీ, ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎక్స్ కిందికీ వస్తుంది. మందుల దుకాణంవారు కూడా దీన్ని రెండు ప్రతుల చీటీ మీదే అమ్మి, ఒక ప్రతిని రెండేళ్లు భద్రపరచాలి. అటువంటిదాన్ని స్నేహితులకు పంచడం, స్నేహంతో చేసినా, చట్టం దృష్టిలో నేరమే.

'మొదటిసారి మనసు పెట్టి చదవగలిగాను' అన్న మాటను మాత్రం కొట్టిపారేయకండి, అలాగని రుజువుగానూ తీసుకోకండి. 1978లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపోపోర్ట్ బృందం ఏ సమస్యా లేని మగపిల్లలకు ఇదే కోవకు చెందిన డెక్స్ట్రోయాంఫెటమిన్ ఇచ్చి చూస్తే, వాళ్లు కూడా కదలికలు తగ్గించి, ఎక్కువ శ్రద్ధ చూపారు. మందు పనిచేసింది కనుక జబ్బు ఉన్నట్టే అన్న తర్కం ఆనాటితోనే వీగిపోయింది. మీ చిన్నబాబు మాత్ర వేసిన రోజు కుదురుగా ఉంటున్నాడన్నదానికీ ఇదే వర్తిస్తుంది. అయితే ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో నడిచే సమస్య కూడా. పెద్దబాబుకు చిన్నప్పటి నుంచీ శ్రద్ధ నిలవని ఇబ్బంది ఉండి, తెలివితో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చి, ఇంటర్ భారం మీదపడ్డాక తట్టుకోలేక ఈ దారి పట్టి ఉండవచ్చు. శిక్షించడంతో ఆగకుండా అతన్ని కూడా మానసిక వైద్యుడికి చూపించమనడం అందుకే.

ఇప్పుడు ఆ బియ్యం డబ్బా సంగతి. మీరు మందు దాచింది పిల్లవాడి మీద ప్రేమతో, నలుగురి నోటికి జడిసి. కానీ దాచిన మందుకు లెక్క ఉండదు. డాక్టరు గారు ఎన్ని రాశారు, ఎన్ని వేశారు, ఎన్ని మిగలాలి అన్నది ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉంటే స్ట్రిప్ పోయిన రోజే పట్టుబడేది. అంతకంటే ముఖ్యమైన సంగతి, తమ్ముడికి ఏ మందు ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో, అది ఇతరులకు ఎందుకు ప్రమాదమో పెద్దబాబుతో ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. అతనికి అందింది ఒక రహస్యం, ఒక పుకారు మాత్రమే. రేపు ఈ దొంగతనం బయటపడితే, చూశారా ఆ గోలీలు ఎంత చెడ్డవో అని మీ అత్తగారే అంటారు, మీరు ఇంకా లోపలికి దాస్తారు. తొందరపాటుతో వేసిన ముద్ర సిగ్గును తెచ్చింది, సిగ్గు మందును చీకట్లోకి నెట్టింది, చీకట్లో అది చేతులు మారింది. ఈ గొలుసును మీ ఇంట్లో తెంపగలిగింది మీరే. ఈరోజే మాత్రలను తాళం ఉన్న బీరువాలో పెట్టి, ఒక నోటుపుస్తకంలో తేదీ, వేసిన మాత్ర, మిగిలిన సంఖ్య రాయడం మొదలుపెట్టండి. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. మోరీలో మాత్రం పారేయనివ్వకండి. ఇలాంటి మందును ఎవరికీ దొరకకుండా, లెక్క చెప్పి వదిలించుకోవాలి, అదెలాగో డాక్టరు గారినే అడగండి.

చిన్నబాబుకు ఏడీహెచ్‌డీ ఉందా అన్న ప్రశ్నకు ఉత్తరం చూసి ఉందనో లేదనో చెప్పడం నాకు తగదు. నిర్ధారణ జరిగిన తీరు సరిపోదని మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ సమస్య నిజమైనదే, పెంపకం లోపం కాదు, ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందిలో కనిపిస్తుంది. సరిగా గుర్తించి చికిత్స చేస్తే ఆ పిల్లల చదువూ, స్నేహాలూ, ఆత్మగౌరవమూ నిలబడతాయి. దీన్ని తేల్చడానికి రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. అందువల్లే ఓపికగా వివరాలు సేకరించడం తప్ప వేరే మార్గం లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 అనే నిర్ధారణ పుస్తకంలోని ప్రమాణాల ప్రకారం శ్రద్ధ లోపానికి చెందిన తొమ్మిది లక్షణాల్లోనో, అతిచురుకుకు చెందిన తొమ్మిదింటిలోనో పిల్లల్లో కనీసం ఆరు ఉండాలి, అవి ఆరు నెలలకు పైగా కొనసాగాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, బడి, ఇల్లు వంటి కనీసం రెండు చోట్ల కనిపించాలి, రోజువారీ బతుకును దెబ్బతీయాలి, మరొక కారణంతో అవి వివరించదగినవి కాకూడదు. బడివారు నింపిన కాగితం ఇందులో ఒక్క చోటి సాక్ష్యమే. ఇంట్లో ఎలా ఉంటాడో మిమ్మల్ని అడిగినట్టు మీరు రాయలేదు. అమ్మమ్మగారి ఊళ్లో, పెళ్లిళ్లలో, ఆటల్లో ఎలా ఉంటాడు? చెప్పిన పని మరిచిపోతాడా, వస్తువులు పోగొట్టుకుంటాడా, తన వంతు వచ్చేదాకా ఆగగలడా? ఇవన్నీ అడిగి తెలుసుకోవలసినవి. ఒక మాట గమనించండి. ఫోన్ చూస్తే గంటసేపు కదలడు కాబట్టి ఏమీ లేదని చాలామంది తేల్చేస్తారు. అది తప్పు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా తమకు నచ్చినదాంట్లో లీనమైపోతారు, ఇబ్బంది వచ్చేది నచ్చని పనిలో శ్రద్ధ నిలపడం దగ్గరే.

మీరు రాసిన వయసు నన్ను ఆలోచింపజేసింది. మేలో ఎనిమిది నిండి, జూన్‌లో నాలుగో తరగతిలో కూర్చున్నాడంటే, చుట్టూ తొమ్మిది నిండినవాళ్లు, తొమ్మిదిన్నర వాళ్లు ఉంటారు. మన దగ్గర రెండున్నరేళ్లకే నర్సరీలో వేసి, ఒక ఏడాది కలిసొచ్చిందని సంతోషించే అలవాటు ఉంది. ఆ ఏడాది వెల ఇలాంటి చోట బయటపడుతుంది. అమెరికాలో సెప్టెంబరు 1 గడువుతో బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్లయిన పిల్లలకు, సెప్టెంబరులో పుట్టి అందరికంటే పెద్దవాళ్లయిన పిల్లల కంటే ఏడీహెచ్‌డీ నిర్ధారణ 34 శాతం ఎక్కువగా జరుగుతోందని హార్వర్డ్ పరిశోధకులు 2018లో చూపించారు. పుట్టిన నెలను బట్టి జబ్బు రాదు కదా. వయసుకు తగ్గ చిలిపితనాన్ని తరగతితో పోల్చి జబ్బుగా చూడటం వల్ల వచ్చిన తేడా అది. మీ బాబును మూడో తరగతి పిల్లలతో పోల్చి చూస్తే ఎలా కనిపిస్తాడో అతని పాత టీచరును అడిగి చూడండి.

చివరన చెప్పాలో లేదో తెలియదంటూ రాసిన గురక సంగతి నా దృష్టిలో మీ ఉత్తరంలోకెల్లా విలువైన వాక్యం. ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ పెరిగిన పిల్లలకు రాత్రి ఊపిరి సరిగా ఆడక నిద్ర ముక్కలవుతుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు తూలుతారు, పిల్లలు మాత్రం తరచుగా ఎగురుతారు, చిరాకు పడతారు, శ్రద్ధ నిలపలేరు. బయటికి అది అచ్చం ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తుంది. కొన్నిసార్లు రెండూ కలిసే ఉంటాయి. ముందుగా చెవి, ముక్కు, గొంతు నిపుణుడికి చూపించండి. నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటున్నాడేమో ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే డాక్టరు గారికి చాలా ఉపయోగం. దాంతోపాటు చూపు, వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడమనండి. కూర్చున్నచోటే కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకని సందర్భాలు ఉంటే తప్పక చెప్పండి, కొన్ని రకాల మూర్ఛ అలాగే ఉంటుంది. బోర్డు మీది రాత సగంలో వదిలేస్తున్నాడంటే చదవడం, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందేమో కూడా పరీక్షించాలి. ఆ పరీక్ష ఇంగ్లీషులోనే కాక తెలుగులోనూ చేయమని అడగండి. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో మరో భాష ఉన్న పిల్లవాడి తడబాటును జబ్బుగా లెక్కించకూడదు.

మరి అప్పటిదాకా మందు సంగతి ఏమిటి? మీ అంతట మీరు ఆపకండి, మోతాదు మార్చకండి. రాసిన డాక్టరు గారికే ఫోన్ చేసి, ఆకలి తగ్గిందని చెప్పి, పూర్తి పరీక్షలు అయ్యేవరకు కొనసాగించాలా, నిలిపివేయాలా అని అడగండి. రెంటిలో ఏది చెప్పినా ఎత్తు, బరువు, రక్తపోటు రాసిపెట్టమనండి. ఈ మందుతో ఆకలి, నిద్ర తగ్గడం మామూలే, ఎదుగుదల కాస్త నెమ్మదించవచ్చు, అందుకే మూడు నాలుగు నెలలకొకసారైనా కొలవడం తప్పనిసరి. ఉదయం టిఫిన్ పెట్టాకే మాత్ర వేసి, సాయంత్రం ఆకలి తిరిగి వచ్చే వేళకు కడుపు నిండా పెడితే కొంత మేలు. రేపు పూర్తి పరీక్షల తరువాత ఏడీహెచ్‌డీ అని తేలితే భయపడి పారిపోకండి. అప్పుడు ఈ మందో, అటమాక్సిటీన్ వంటి ఉత్తేజకం కాని మందో, తల్లిదండ్రులకిచ్చే శిక్షణా, బడి సహకారం కలిస్తేనే చికిత్స. డాక్టరు పర్యవేక్షణలో ఈ మందు వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకు బానిసలవుతారన్నదానికి ఆధారం లేదు.

బడివారితో మాట్లాడేటప్పుడు తల దించుకోనక్కరలేదు. మందు వేస్తేనే రానిస్తామనే హక్కు వాళ్లకు లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ పిల్లవాడినీ వెళ్లగొట్టకూడదనీ, కొట్టడం గానీ మానసికంగా వేధించడం గానీ చేయకూడదనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా చట్టంతో మొదలుపెట్టకండి, అరవై మంది పిల్లల మధ్య ఆ టీచరమ్మ పడే అవస్థ కూడా నిజమే. ముందు వరుసలో కూర్చోబెట్టడం, ఒకేసారి నాలుగు పనులు కాక ఒకటొకటిగా చెప్పడం, మధ్యలో నోటుపుస్తకాలు పంచే పని అప్పగించి లేచి తిరగనివ్వడం వంటివి అడగండి. నిర్ధారణ ఏదైనా సరే ఇవి మేలే చేస్తాయి. డాక్టరు ఇచ్చే కాగితాలు ఇతర తల్లిదండ్రులకు చూపకూడదని కూడా స్పష్టంగా చెప్పండి.

అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. ఆమె కాలంలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లొచ్చారన్న ఒక్క మాటతో సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు ఆమె చూసి ఉంటారు. వీలైతే ఈసారి ఆసుపత్రికి ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాటను డాక్టరు గారు ఎదురుగా కూర్చోబెట్టి చెబితే చాలామంది పెద్దవాళ్లు వింటారు. బాబుకు మాత్రం మీరే చెప్పాలి. ఎవరూ చూడకుండా మింగమని ఇచ్చే మాత్ర, నీలో ఏదో సిగ్గుపడవలసింది ఉందని ఎనిమిదేళ్ల పిల్లవాడికి రోజూ చెబుతుంది. 'నీకు ఎక్కడ కష్టమవుతోందో డాక్టరు గారు చూస్తున్నారు, నీ తప్పేమీ లేదు, ఇది నీ మాత్ర, అన్నకు కూడా ఇవ్వకూడదు' అని నలుగురూ ఉన్నప్పుడే మామూలు గొంతుతో చెప్పండి.

ఇద్దరు పిల్లలనూ ఎంజీఎంలోని మానసిక వైద్య విభాగంలో గానీ, పిల్లల మానసిక సమస్యలు చూసే మరొక నిపుణుడి దగ్గర గానీ చూపించండి. చిన్నబాబుకు అభ్యసన పరీక్షలు అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది. వెళ్లేటప్పుడు బడివారు నింపిన కాగితం, మందుల చీటీ, మాత్రల లెక్క రాసిన నోటుపుస్తకం, గురక వీడియో, ఒకటో తరగతి నుంచి ఉన్న ప్రోగ్రెస్ కార్డులు, అసలు పుట్టిన తేదీ ఉన్న ధ్రువపత్రం తీసుకెళ్లండి. బడిలో తేదీ సర్ది రాయించి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరు గారికి చెప్పండి. పది నిమిషాల్లో ముగిస్తే, ఇంట్లో బాబు ఎలా ఉంటాడో చెప్పడానికి మరో రోజు సమయం ఇవ్వమని మర్యాదగా అడిగి, తేదీ రాయించుకుని రండి.